డిమ్‌సమ్ బుట్టలో నాలుగు, టేబుల్ చుట్టూ ఆరుగురు

చైనీస్, జపనీస్, థాయ్, కొరియన్ అన్నీ ఒకే మెనూలో పెట్టే ఆసియన్ ఫ్యూజన్ రెస్టారెంట్ల గురించి మీ డౌట్లు రాయమని పోయిన సంచికలో అడిగాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి. చూస్తే వంట గురించి అడిగినవాళ్ళ కంటే ఫ్రెండ్స్‌తో వెళ్ళి ఏదో ఒక ఇబ్బందిలో పడ్డవాళ్ళే ఎక్కువ. అందుకే ఈసారి అవే.

ప్ర: అక్కా, మేం ఆరుగురం కాలేజీ ఫ్రెండ్స్‌మి, అందరికీ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు. మొన్న ఒకమ్మాయి ప్రమోషన్ పార్టీకి జూబ్లీహిల్స్‌లో ఇలాంటి రెస్టారెంట్‌కి వెళ్ళాం. మెనూలో సగం పేర్లు అర్థం కాలేదు, అడిగితే ఏమనుకుంటారో అని ఎవరికి తోచింది వాళ్ళం చెప్పేశాం. అన్నీ ఒకేలాంటి తియ్యటి ఎర్ర సాస్‌లో వచ్చాయి, డిమ్‌సమ్, అదే మన మోమోల్లాంటివి, నాలుగే వస్తే ఇద్దరు తినకుండా నవ్వుతూ కూర్చున్నారు, చివరికి బయటికొచ్చి బిర్యానీ పార్సిల్ కట్టించుకున్నాం. అసలెలా ఆర్డర్ చెయ్యాలి? — కొండాపూర్ పాఠకురాలు

జ: చెల్లీ, బిర్యానీ పార్సిల్ దగ్గర నాకు నవ్వాగలేదు, ఏమనుకోకు. తప్పు మెనూది కాదు, ఎవరికి వాళ్ళు చెప్పుకోవడంలోనే వచ్చింది చిక్కంతా. ఈ వంటలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకునే వంటలు, మనం కూడా అన్నం ఒకటే వండి పప్పు, కూర, పులుసు అందరికీ వడ్డిస్తాం కదా, అలాంటివే. అందుకని టేబుల్‌కంతా కలిపి ఒక్కళ్ళే ఆర్డర్ చెప్పాలి, ఆ ఒక్కళ్ళు ముందు అందర్నీ ఏం తినరో అడగాలి, ఏం తింటారో అని కాదు, ఏం తినరో అని. ఏం తింటారని అడిగితే అరగంట పడుతుంది, ఏం తినరని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక వంటల ఎంపిక. పేర్లు వదిలేసి ఎలా వండారో చూడు. ఒకటి ఆవిరి మీద ఉడికింది, అంటే డిమ్‌సమ్ గానీ, బావో అనే మెత్తటి బన్ను గానీ. ఒకటి నూనెలో వేగింది, జపాన్ వాళ్ళ బజ్జీ అనుకో, టెంపురా లాంటిది. ఒకటి చల్లగా పుల్లగా ఉండేది, థాయ్ వాళ్ళ పచ్చి బొప్పాయి సలాడ్ ఉంటుంది చూడు, నిమ్మరసం, బెల్లం, పల్లీలు, మిరపకాయ వేసి రోట్లో దంచుతారు, మన నోటికి ఇట్టే పట్టేస్తుంది. తర్వాత అన్నంలోకి కొబ్బరిపాల కూర ఒకటి, నూడుల్స్ ఒకటి, వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర ఒకటి. ఆరుగురికి ఇది మొదటి విడత, కడుపులో ఇంకా చోటుంటే మళ్ళీ చెప్పొచ్చు, కిచెన్ ఎక్కడికీ పోదు. మీకు జరిగిందేంటంటే చిల్లీ, హాట్ గార్లిక్, స్వీట్ చిల్లీ, షెజ్వాన్ అని పేర్లు వేరే అయినా నాలుగూ ఇంచుమించు ఒకటే రుచి ఉండే వంటలు చెప్పుకున్నారు. మెనూలో ఒక సాస్ పేరు ఒక్కసారే తీసుకోవాలి.

పీసులు ఎన్నొస్తాయో అడగడానికి సిగ్గెందుకు? చాలాచోట్ల బుట్టకి నాలుగు వేస్తారు, కొన్నిచోట్ల ఆరు. నలుగురున్న టేబుల్‌కి అది సరిపోతుంది, మీరు ఆరుగురు కాబట్టి "రెండు బుట్టలు వెయ్యండి" అనేస్తే ఎవరూ నవ్వుతూ కూర్చోనక్కర్లేదు, మిగిలిన రెండూ ప్రమోషన్ వచ్చినమ్మాయికి. ఇంకోటి, వడ్డించే అబ్బాయి మెనూలో వంట గురించి చెప్పలేకపోతే ఇబ్బందిపడాల్సింది వాళ్ళు, మీరు కాదు.

ప్ర: మేడమ్, నేను కార్తీకమాసం మొత్తం నీచు ముట్టను. ఆఫీసువాళ్ళు డిన్నర్‌కి పిలిస్తే వెళ్ళి వెజ్ థాయ్ కర్రీ, వెజ్ రామెన్ అనే జపాన్ నూడుల్స్ సూప్, పక్కన కిమ్చీ అనే కొరియా క్యాబేజీ పచ్చడి తిన్నాను. తర్వాత ఒక కొలీగ్ "అందులో చేప ఉంటుంది కదా" అని అంటే మనసంతా పాడైంది. నిజంగా ఉంటుందా? — రాజమండ్రి

జ: ఉండొచ్చండీ, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, కానీ ఈ వంటల్లో ముక్క కనపడకపోతే వెజ్ అనుకోవడానికి లేదు. అక్కడి ఊళ్ళల్లో చేప, రొయ్య అనేవి కూర మాత్రమే కాదు, ఉప్పు బదులు వేసే దినుసు కూడా. థాయ్ రెడ్, గ్రీన్ కర్రీ ముద్ద సంప్రదాయంగా నూరితే అందులో పులియబెట్టిన రొయ్యల ముద్ద పడుతుంది, పైనుంచి ఫిష్ సాస్ చుక్కలు. పాడ్ థాయ్ నూడుల్స్‌లోనూ, ఆ బొప్పాయి సలాడ్‌లోనూ అదే ఫిష్ సాస్. జపాన్ వాళ్ళ మీసో అనే ముద్ద సోయాతో చేసిందే, దానికేం దోషం లేదు, కానీ మీసో సూప్‌కి వాడే నీళ్ళున్నాయి చూశారూ, వాటిని దాషి అంటారు, అది సముద్రపు నాచు, ఎండబెట్టి పొగబెట్టిన బోనిటో చేప తురుము వేసి కాచిన నీళ్ళు. రామెన్‌లో తెల్లగా చిక్కగా కనపడే టొంకొత్సు అయితే పంది ఎముకలు గంటలకొద్దీ మరిగించిన రసం. కిమ్చీలో సాధారణంగా ఫిష్ సాసో, ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో వేస్తారు. చైనా పద్ధతిలో వేయించిన ఆకుకూర మీద నల్లగా నిగనిగలాడేది ఆయిస్టర్ సాస్ అయ్యుంటుంది, అంటే ఆలిచిప్పల నుంచి తీసింది.

మరి మన ఊళ్ళల్లో హోటళ్ళవాళ్ళకి ఇదంతా తెలియదా అంటే తెలుసు, వెజ్ తినేవాళ్ళు ఎక్కువ కాబట్టి చాలామంది వెజ్ కర్రీకి వేరే ముద్ద, పుట్టగొడుగులతో చేసిన సాస్, రొయ్యలు లేని కిమ్చీ వాడతారు. మీరు తిన్నది అలాంటిదే కూడా అయ్యుండొచ్చు, కాబట్టి మనసు పాడుచేసుకోకండి. కానీ ఈసారి "ఇది వెజ్జేనా" అని అడగొద్దు, దానికి జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. "దీని సూప్ నీళ్ళు దేంతో కాచారు, కర్రీ పేస్టులో రొయ్యలున్నాయా, ఫిష్ సాస్ వేశారా, వేయించే నూనె రొయ్యలకీ కూరగాయలకీ ఒకటేనా" అని విడివిడిగా అడగండి, లోపలికెళ్ళి కనుక్కుని వస్తారు. గుడ్డు కూడా వద్దనుకుంటే ఫ్రైడ్ రైస్, నూడుల్స్ దగ్గర అదీ చెప్పాలి. వ్రతం, దీక్ష అంటే నిష్ఠ ఎక్కువున్నవాళ్ళకి నా సలహా ఒకటే, ఆ నెల టిఫిన్ సెంటర్‌లో కలుద్దామనండి, నిజమైన ఫ్రెండ్స్ అయితే వస్తారు, కొలీగ్స్ అయినా వస్తారు లెండి.

అలర్జీ ఉన్నవాళ్ళు కూడా ఈ ప్రశ్నలే అడగాలి, వాళ్ళ విషయంలో మనసు కాదు, ప్రాణం మీదికొస్తుంది. పల్లీలు, నువ్వులు, రొయ్యలు, సోయా ఈ నాలుగూ ఇక్కడ దాదాపు ప్రతి ప్లేటులో ఏదో రూపంలో తగుల్తాయి. ఆర్డర్ చెప్పేముందే చెప్పాలి, వచ్చాక కాదు.

ప్ర: ప్లేటులో పచ్చగా చిన్న ఉండ పెట్టారు, కొత్తిమీర చట్నీ అనుకుని మావాడు మొత్తం నోట్లో వేసుకున్నాడు. ముక్కు నుంచి నెత్తి దాకా పేలిపోయిందన్నాడు. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. అదేంటి? — భీమవరం బ్యాచ్

జ: వసాబి నాయనా. మిరపకాయ కారం నాలుక మీద కూర్చుంటుంది, దీని ఘాటు ఆవిరై నేరుగా ముక్కులోకి ఎక్కుతుంది. కొత్త ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు సర్రుమంటుంది చూడండి, ఆ ఘాటుకి కారణమైన పదార్థమే ఇందులోనూ ఉంటుంది. ఆ ఘాటు ఎంత గబుక్కున ఎక్కుతుందో అంత గబుక్కున దిగిపోతుంది, నీళ్ళు తాగితే లాభం లేదు, నోరు మూసి ముక్కుతో గాలి వదలమనండి. అయినా మీవాడు తిన్నది అసలు వసాబి కాకపోవచ్చు, ఆ మొక్క వేరు చాలా ఖరీదు, పెంచడమూ కష్టం, అందుకని ఎక్కువచోట్ల హార్స్‌రాడిష్ అనే ఇంకో ఘాటు వేరు, ఆవపొడి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద పెడతారు. పక్కన గులాబీ రంగులో పల్చటి రేకులున్నాయే, అవి అల్లం, ఒక సుషీకీ (వెనిగర్ అన్నంతో చేపో కూరగాయో కలిపి చేసే జపాన్ వంట) ఇంకో సుషీకీ మధ్య నోరు శుభ్రం చేసుకోడానికి. వాటిని ఇంకో బ్యాచ్‌వాళ్ళు ఉల్లిపాయలనుకుని బిర్యానీలా నిమ్మకాయ అడిగారట.

ప్ర: చాప్‌స్టిక్స్ రావు. స్పూన్ అడిగితే పరువు పోతుందని మా గ్యాంగ్‌లో ఒకడు అంటాడు. — పేరు వద్దు

జ: థాయ్‌లాండ్‌లో అన్నం, కూర తినేది స్పూన్, ఫోర్క్‌తోనే, నూడుల్స్‌కే పుల్లలు తీస్తారు. కొరియాలో అన్నానికి స్పూనే. జపాన్‌లో సుషీ చేత్తో తినడం మామూలే. ఇంకెక్కడ పరువు? మీవాడికి చెప్పండి. పుల్లలు వాడేవాళ్ళు మాత్రం రెండు గుర్తుపెట్టుకోవాలి, అన్నంలో నిలువుగా గుచ్చి వదిలెయ్యొద్దు, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించొద్దు, జపాన్‌లో ఆ రెండూ చావు కార్యక్రమాల్లో చేసే పనులు.

ప్ర: అక్కా, మేం అయిదుగురం. నేను, ఇంకొకతను తాగం, ఒకమ్మాయి ప్యూర్ వెజ్. మిగతా ఇద్దరూ కాక్‌టెయిల్స్, సాషిమి అనే పచ్చి చేప ముక్కలు, మళ్ళీ కాక్‌టెయిల్స్. చివర్లో "ఈక్వల్‌గా స్ప్లిట్ చేద్దాం" అని వాళ్ళే యాప్‌లో వేసేస్తారు. మొన్న నేను తిన్నది ఒక నూడుల్స్, ఒక నిమ్మ సోడా, కట్టింది దానికి మూడింతలు. అడిగితే పిసినారి అంటారు. పైగా బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ కూడా ఉంది. — బాచుపల్లి

జ: తమ్ముడూ, మూడింతలు కట్టి మళ్ళీ పిసినారి అనిపించుకోవడం దేనికి? ఈ మాట బిల్లొచ్చాక ఎత్తితే గొడవ, కూర్చోగానే ఎత్తితే మామూలు మాట. వెయిటర్ నీళ్ళు పోస్తున్నప్పుడే "బార్ బిల్లు వేరే, ఫుడ్ బిల్లు వేరే వెయ్యండి" అని అందరూ వినేలా చెప్పు. మందుకి జీఎస్టీ ఉండదు, రాష్ట్రం వేసే వ్యాట్ వేరే ఉంటుంది, కాబట్టి ఎలాగూ చాలాచోట్ల వాటిని విడిగానే కొడతారు, వాళ్ళకిదేం కొత్త కాదు. ఫుడ్ మాత్రం సమానంగా పంచుకోండి, డిమ్‌సమ్ ఎవరు రెండు తిన్నారు ఎవరు మూడు తిన్నారు అని లెక్కేస్తే మళ్ళీ కలవబుద్ధెయ్యదు. సాషిమి లాంటి ఖరీదైన ప్లేటు ఒకళ్ళిద్దరే తింటే అది వాళ్ళ లెక్కలో. ఆ వెజ్ అమ్మాయి తరఫున కూడా నువ్వే మాట్లాడు, తను ఇన్నాళ్ళూ ఎంత కట్టిందో పాపం.

సర్వీస్ ఛార్జ్ సంగతి వేరే. అది ట్యాక్స్ కాదు, సర్కారుకి పోదు, హోటల్ వేసుకునేది. రెస్టారెంట్లు దాన్ని బిల్లులో వాటంతటవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిమీద హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలు సరైనవే అంది. కాబట్టి "ఇది తీసేసి బిల్లు మళ్ళీ ఇవ్వండి" అని మర్యాదగా అడుగు, తియ్యకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. మామూలు రెస్టారెంట్లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం, పెద్ద స్టార్ హోటల్ లోపల ఉన్న రెస్టారెంట్ అయితే 18 పడొచ్చు, అది చూసి కంగారుపడకు. ఒక్క మాట, సర్వీస్ ఛార్జ్ తీయించి వడ్డించిన అబ్బాయికి ఏమీ ఇవ్వకుండా లేచిపోవడం మాత్రం నాకు నచ్చదు, బాగా చూసుకుంటే చేతికివ్వండి.

ప్ర: ఈ హోటళ్ళన్నీ అజినమోటో గుమ్మరిస్తాయట, మా ఫ్రెండ్ తల్లి క్యాన్సర్ వస్తుందని మమ్మల్ని వెళ్ళనివ్వదు. నాక్కూడా తిన్నాక దాహం, తలనొప్పి వస్తుంది. — నెల్లూరు

జ: పెద్దావిడ మాట కాదనడం నాకిష్టం లేదుగానీ ఆ మాటకి ఆధారం లేదమ్మా. 1908లో టోక్యోలో ఇకెదా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు కాచిన నీళ్ళకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి పట్టుకున్నదే ఈ ఎంఎస్‌జీ, మీరు అజినమోటో అంటున్నది ఇదే, అందులో ఉండే గ్లుటమేట్ పండిన టమాటాలోనూ ఉంది, చీజ్‌లోనూ ఉంది. దీని మీద భయం ఎక్కువైంది 1968లో, అమెరికాలో ఒక డాక్టరు చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఓ వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. కారణం ఫలానా అని ఆయన తేల్చిందేం లేదు, సోయాసాసా, వంటలో వాడే వైనా, ఎంఎస్‌జీయా అని అడిగాడంతే. చివరికి నింద మాత్రం ఎంఎస్‌జీ ఒక్కదాని మీదే మిగిలింది. తర్వాత తిన్నవాళ్ళకి తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల్లో నిలకడగా ఏమీ తేలలేదు.

మీ దాహానికి నేను అనుమానించేది ఉప్పుని. ఒక్క టేబుల్ స్పూన్ సోయాసాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది, రోజు మొత్తానికి 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మీరు నూడుల్స్ తిని, డిమ్‌సమ్‌ని సోయాలో ముంచి, రామెన్ సూప్ గిన్నె ఎత్తి తాగేశారనుకోండి, లెక్క మీరే వేసుకోండి. సూప్ కొంచెం వదిలెయ్యండి, ముంచడం కాదు అంచు తగిలించండి చాలు. బీపీ ఉన్న ఫ్రెండ్స్‌కి ఇది గట్టిగా చెప్పండి. అయినా తలనొప్పి ప్రతిసారీ వస్తుంటే హోటల్ని తిట్టుకోవడం ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.

ప్ర: ఫ్యూజన్ అంటే రెండు వంటల్ని కలిపి పాడుచెయ్యడం అని నా అభిప్రాయం. మన వంట మనం తింటే పోదా? — రిటైర్డ్ లెక్చరర్, వరంగల్

జ: సార్, మీరు పెళ్ళిళ్ళలో గోబీ మంచూరియా ఎప్పుడూ తినలేదంటే నేను నమ్మను. 1975 ప్రాంతంలో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో వంట చేస్తున్న నెల్సన్ వాంగ్, మనవాళ్ళలా అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయాసాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబెట్టి చికెన్ మంచూరియన్ చేశాడని చెప్తారు. ఆయన కలకత్తాలో పుట్టిన చైనా కుటుంబంవాడు. ఆ వంట మంచూరియాలో ఎవరికీ తెలియదు, మన దగ్గర చాట్ బండి మీదకి కూడా దిగింది. అమెరికాలో వోల్ఫ్‌గాంగ్ పక్ ఫ్రెంచ్ వంటనీ చైనా వంటనీ కలిపి రెస్టారెంట్ తెరిచింది 1983లో, అంటే బొంబాయి వంటవాడు ఆయనకంటే ముందే. నోబు మత్సుహిసా జపాన్ నుంచి పెరూ వెళ్ళి, అక్కడి నిమ్మరసం, మిరపకాయలు పచ్చి చేపకి కలిపాడు, ఆ మనిషికి ఇప్పుడు ప్రపంచమంతా హోటళ్ళున్నాయి. వీళ్ళెవరూ ఏ వంటనీ పాడుచెయ్యలేదు, ఊరు మారినప్పుడు దొరికిన సరుకుతో వండారు.

పాడుచేసేవాళ్ళూ లేకపోలేదు లెండి, సుషీ మీద బటర్ చికెన్ గ్రేవీ పోసి ఫ్యూజన్ అనేవాళ్ళ మీద నాక్కూడా మీ అంత కోపమే. నేను చూసేది ఒకటే, కలిపినదానికి అక్కడ పనుందా లేదా. కొవ్వున్న మాంసం పెట్టిన బావోలో వాళ్ళు వెనిగర్‌లో ఊరిన దోసకాయ పెడతారు, ఆ జిడ్డుకి పులుపు కావాలి కాబట్టి. ఎవరైనా దాని బదులు గోంగూర పెడితే నేను ఒప్పుకుంటాను, గోంగూర మాంసం మనకెలాగూ తెలిసిందే. మీ పాత స్టూడెంట్స్ పిలిస్తే ఓసారి వెళ్ళండి సార్, బిల్లు వాళ్ళు కడతారు.

ప్ర: ఫ్రెండ్‌కి అయిదో నెల. సుషీ తినొచ్చా? — హన్మకొండ

జ: పచ్చి చేప ఉన్నది వద్దు. చేపని బాగా గడ్డకట్టిస్తే, అంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులుంచితే, అందులో పురుగులు చస్తాయి, బ్యాక్టీరియా అంతటితో చావదు. సుషీ అంటే పచ్చి చేపే అని కాదు కదా, వెనిగర్ కలిపిన అన్నం అందులో అసలు సంగతి. దోసకాయ రోల్, అవకాడో రోల్, వేయించిన రొయ్యల రోల్ వేడిగా చేయించుకుని తినమనండి, అదీ శుభ్రంగా ఉండే చోటే. మిగతాది వాళ్ళ డాక్టర్‌ని అడగండి.

ప్ర: అక్కా, మేం ఫ్రిస్కో, టెక్సాస్. ఇండియన్ గ్యాంగ్‌తో ఎక్కడికెళ్ళినా మావాళ్ళు రుచి చూడకుండానే శ్రీరాచా అనే మిరపకాయ సాస్ అడుగుతారు, ఫో అనే వియత్నాం నూడుల్స్ సూప్ మీద పోస్తారు, సుషీ మీదా పోస్తారు. వియత్నాం కొలీగ్ ముందు తలదించుకున్నా. ఇంకోటి, మొన్న టిప్పు రెండుసార్లు పడింది.

జ: ఫో దగ్గర తలదించుకోవాల్సిన పనేం లేదు, అమెరికాలో ఫో హోటల్ టేబుల్ మీద ఆ సీసా ఉండేదే పోసుకోవడానికి. ఆకుపచ్చ మూత, కోడిపుంజు బొమ్మ ఉన్న ఆ సీసా తయారుచేసింది కూడా వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన మనిషే, 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టాడు. కాకపోతే ముందు రెండు స్పూన్లు ఒట్టి సూప్ తాగమనండి, గంటలు గంటలు మరిగించినవాడికి ఆ మాత్రం మర్యాద. సుషీ మీద పోసేవాళ్ళని మాత్రం కౌంటర్‌కి దూరంగా కూర్చోబెట్టు. టిప్పు సంగతికొస్తే, ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువుంటే చాలాచోట్ల 18 లేదా 20 శాతం బిల్లులోనే కలిపేస్తారు, అది చూడకుండా కింద గీత మీద మళ్ళీ రాస్తే అంతే సంగతులు. కార్డ్ ఇచ్చేముందు గ్రాట్యుయిటీ అన్న లైన్ ఉందో లేదో చూడండి.

ప్ర: మా ఫ్రెండ్ ఫొటో తీసేదాకా ఎవరినీ తిననివ్వదు. ఏం చెయ్యాలి? — విశాఖ

జ: చల్లటి సలాడ్, సుషీ ముందు తెప్పించి ఆవిడ ముందు పెట్టండి, ఎంతసేపైనా తీసుకోనివ్వండి. టెంపురా వచ్చినప్పుడు మాత్రం మీ దగ్గర దించమని వెయిటర్‌కి చెప్పండి, అయిదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. డిమ్‌సమ్ బుట్ట మూత కూడా మీరే తియ్యండి, ఆవిరి పోతే పైపొర ఎండి పుల్లకి అంటుకుంటుంది. ఆవిడ అలిగితే రెండో బుట్ట చెప్పండి.